పచ్చి బీడీ

డాక్టర్ నరహరి సిగరెట్ మానేసి తొమ్మిది రోజులు. పొద్దుటినుంచీ తల తేలిపోతోంది, ఉత్తిపుణ్యానికి నవ్వొస్తోంది. పసుపు బస్తాల లారీ వెనక తుమ్ముకుంటూ పోతున్న పోలీసును చూసి ఒక్కడే పగలబడి నవ్వుకున్నాడు.

ఆయన ఆర్మూర్‌లో మత్తు డాక్టరు. ఒకప్పుడు రోగులకివ్వాల్సిన మత్తు సూది తానే పొడుచుకునేవాడు. మూడేళ్ళ కింద హైదరాబాద్‌లో చికిత్స చేయించుకుని దాన్ని వదిలించుకున్నాడు. అక్కడ తనలాగే సూది మానడానికొచ్చిన డాక్టర్లంతా మెట్ల మీద కూర్చుని గుప్పుగుప్పున పొగ వదిలేవాళ్ళు. ఎవరూ వద్దనలేదు. సూది పోయింది, సిగరెట్ తగులుకుంది. సూదికంటే నయమే కదా అని భార్య జ్యోత్స్న కూడా ఊరుకుంది. భయమల్లా ఆయనకే. ఇవాళ ఒక్కటి వెలిగిస్తే రేపు మందుల అలమార వైపు చెయ్యి పోదని ఏమిటి నమ్మకం?

పదకొండింటికి సిగరెట్ కోసం ప్రాణం లాగేసింది. దవాఖాన వెనక వరండాలో లసుమవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మర్నాడు ఆమెకు ఆపరేషన్, మత్తిచ్చేది నరహరే.

"అవ్వా, జర ఒక బీడీ ఇయ్యి."

"నువ్వు మానేసినవని సిస్టరమ్మ చెప్పె గద సారూ?"

"అయితలేదవ్వా. ఒక్కటే."

లసుమవ్వ ఎగాదిగా చూసి, అప్పుడే దారం కట్టిన బీడీ చేతిలో పెట్టింది. నరహరి పుల్ల గీశాడు. అంటుకోలేదు. ఇంకోటి గీశాడు. అగ్గిపెట్టె ఖాళీ అయింది గానీ బీడీ కొస నల్లబడిందంతే. లసుమవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని కిసకిస నవ్వింది.

"రాత్రంత నీళ్ళల్ల నానిన ఆకు సారూ, పచ్చి బీడీ! కార్ఖానల భట్టీ పెట్టి ఎండిస్తెనే అంటుకుంటది. గింత సదువుకున్నవ్, గిది ఎర్కలేదా?"

నరహరికి నవ్వు పొర్లుకొచ్చింది. నేల మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక చూసుకుంటే, ఆ లాగుడు లేదు! ఎంత సంతోషం వేసిందంటే, ఏ రోగికీ చెప్పని మాట నోట్లోంచి వచ్చేసింది.

"అవ్వా, వెనకట నేను మత్తు సూది పొడుచుకునేటోన్ని. ఇడిసి మూడేండ్లాయె. రేపు నేను మత్తిచ్చుడు నీకు ఇష్టం లేకుంటె చెప్పు, ఇంకో డాక్టర్‌ను పిలిపిస్త."

లసుమవ్వ నవ్వు ఆపింది. చేతిలో ఉన్న బీడీ చుట్టి, దారం కట్టి, చాటలో వేసింది.

"నువ్వే ఇయ్యి" అంది. "గని పొద్దుగాల్నే రా. నీకు నాలుగు పచ్చియి పక్కకు పెడుత. అగ్గిపెట్టె నువ్వే తెచ్చుకో."