సారక్క ఇంటి మీది గీత

రెండు పటాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోలేదని వినోదకు కల్వర్టు వల్ల తెలిసింది. డ్రాయింగులోని కల్వర్టు సారక్క వంటింట్లో పడింది. అసలు కల్వర్టు ఉన్నది ఖాడీ మీద.

అది 2021 వానాకాలం. కరోనా రెండో విడత అప్పుడప్పుడే తగ్గుతోంది. సూరత్‌లో పర్వత్ పాటియా అనే పేట వెనక, ఖాడీ అని పిలిచే మురికివాగు ఒడ్డున రెండు వరుసల ఇళ్లు. అన్నీ మగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చినవాళ్లవే. ముందు వరుసలో ఖాడీకి ఆనుకుని వినోద వాళ్ల ఇల్లు, వెనక వరుసలో సారక్క ఇల్లు. వినోద హిరేన్‌భాయ్ అనే ఇంజినీరు నడిపే చిన్న ఆఫీసులో డ్రాఫ్టింగ్ చేస్తుంది. కరోనా వల్ల ఇంట్లో మంచం మీదే లాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తోంది. ఖాడీ పక్కన మున్సిపల్ కార్పొరేషన్ కట్టబోయే పెద్ద నాలాకు డిజైన్ చేసింది వాళ్ల ఆఫీసే.

డిజైన్ డ్రాయింగుకు దాని లెక్క దానిదే. సర్వేయరు తన పరికరాన్ని ఎక్కడ నిలబెడితే అదే మొదలు, అక్కడి నుంచే కొలతలన్నీ. ఉపగ్రహ పటం అలా కాదు, అది అక్షాంశ రేఖాంశాల లెక్కలో నడుస్తుంది. రెండూ కలవాలంటే రెండింటిలోనూ ఉన్న గుర్తులు పట్టుకుని ఒకదాన్ని జరిపి, తిప్పి, రెండోదాని మీద కూర్చోబెట్టాలి. మొదటి లాక్‌డౌన్‌లో సైటుకు వెళ్లే వీలు లేక హిరేన్‌భాయ్ ఆ పని ఇంట్లో కూర్చునే చేశాడు. డ్రాయింగులో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, పటంలోనూ ఒకటి కనిపించింది. దాని మీద పెట్టేశాడు. బస్తీలో ట్రాన్స్‌ఫార్మర్లు రెండున్నాయని ఆయనకు తెలియదు. దాంతో నాలా మొత్తం ఒక వరుస వెనక్కి జరిగింది. ఆ పటం చూసుకునే చలికాలంలో కార్పొరేషన్ మనుషులొచ్చి, కూల్చాల్సిన ఇళ్లని వెనక వరుస గోడల మీద ఎర్రరంగుతో అడ్డగీతలు వేసి పోయారు.

ఆ గీత పడ్డప్పుడు సారక్క మొగుడు దేవదాస్ బతికే ఉన్నాడు. ఏప్రిల్‌లో కరోనాతో ఆస్పత్రికి పోయి మళ్లీ రాలేదు. ఆమెకు ముఖం కూడా చూపించలేదు. అప్పటి నుంచి ఆమె రోజూ సామాను మూటలు కడుతుంది, మళ్లీ విప్పుకుంటుంది.

కల్వర్టు తేడా పట్టుకున్న మర్నాడే వినోద ఆఫీసుకు వెళ్లి హిరేన్‌భాయ్‌కి చూపించింది. ఆయన తెర మీద కల్వర్టును పెద్దది చేసి చూశాడు.

"తప్పు నాదే వినోదాబెన్," అన్నాడు హిందీలో. "సరిచెయ్యి."

ఈసారి ఆమె కల్వర్టును, మిల్లు గోడ మూలలను, రెండో ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టుకుంది. డ్రాయింగు జరిగి సరిగ్గా కూర్చుంది. కల్వర్టు మీద కల్వర్టు, గోడ మీద గోడ. నాలా గీత వచ్చి ముందు వరుస మీద పడింది. ఆ వరుసలో మూడో కప్పు వాళ్లదే.

హిరేన్‌భాయ్‌కి ఆమె ఇల్లెక్కడో తెలుసు. దేవదాస్ పోయిన నెలలోనే హిరేన్‌భాయ్ తండ్రి కూడా పోయాడు. ఆ రోజుల్లో ఒకసారి వినోదను ఆఫీసు స్కూటర్ మీద ఇంటిదాకా దింపి వెళ్లింది ఆయనే. గొంతు తగ్గించి అన్నాడు: "ఎవరూ మళ్లీ చూడరు. గుర్తులు కూడా పడిపోయాయి. పాతదే ఉంచమంటే ఉంచుతాను. నీ ఇష్టం."

వినోద సాయంత్రం ఇంట్లో చెప్పింది. తండ్రి రాజనర్సు మగ్గం దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. తల్లి భాగ్యలక్ష్మి రొట్టెలు చేస్తోంది. సారక్కకూ ఆమెకూ ఒకే కంచంలో తిన్నంత స్నేహం. దేవదాస్ పోయినప్పుడు పదకొండు రోజులూ ఆ ఇంటికి అన్నం మోసింది ఈమే.

"గిదేందే?" అంది భాగ్యలక్ష్మి. "గీత ఆడ పడ్డది, పడ్డకాడ్నే ఉండనీ. నువ్వెందుకు గెలుకుతున్నవ్?"

"తప్పు పడ్డదమ్మా. సారక్క చిన్నమ్మ ఇల్లు ఉత్తగనే పోతది."

"దాని మొగడే పోయిండు. ఇగ దానికి ఈడ ఏమున్నది? ఊర్ల తమ్ముడున్నడు, ఎట్లనో పోతది. మనం ఏడికి పోతం? మీ బాపు ఈ గోడలు ఎట్ల లేపిండో నీకు ఎరుకనా?"

వినోద తండ్రి వైపు చూసింది. ఆయన తువ్వాలతో కాళ్లు తుడుచుకుంటూ ఉండిపోయాడు. యూనియన్ మీటింగుల్లో సేఠ్‌ల ముఖం మీదే మాట్లాడే మనిషి. చివరికి, "నన్నడగకు బిడ్డా," అన్నాడు. "అడిగితే మీ అమ్మ చెప్పిందే చెప్త. ఆ మాట నా నోటెంట రానియ్యకు."

వినోద కార్పొరేషన్‌కు సరైన పటాన్నే పంపింది. ధైర్యంతో కాదు. పాతది తెరిచినప్పుడల్లా సారక్క పొయ్యి మీద కల్వర్టు కనిపిస్తోంది, అది భరించలేక పంపింది.

సారక్కకు కూడా తనే వెళ్లి చెప్పింది. ఆమె మూట విప్పుతున్నదల్లా ఆగి, "నిజంగనా? దేవుని మీద ఒట్టు?" అని అడిగింది. తర్వాత, "మరి ఇగ ఎవలింటి మీద పడ్డది?"

"మా దాని మీద, చిన్నమ్మా."

సారక్క విప్పిన మూటను పక్కకు నెట్టింది. ఆ రోజు నుంచి ఆమె భాగ్యలక్ష్మి గుమ్మం తొక్కలేదు. సంతోషం ముఖాన కనిపిస్తుందని భయపడిందో ఏమో. భాగ్యలక్ష్మి కూడా పిలవలేదు. గోడ మీది ఎర్రగీతకు సారక్క రెండుసార్లు సున్నం కొట్టింది. ఆరాక అది లేత గులాబీ రంగులో మళ్లీ పైకి తేలింది.

కొత్త గుర్తులు ముందు వరుస మీద పడ్డాయి. పాతవి చెరిపించమని వినోద హిరేన్‌భాయ్‌ని అడిగితే, "మెయిల్ పెట్టాను కదా, వాళ్లే చూసుకుంటారు," అన్నాడు.

ఎవరూ చూసుకోలేదు. జనవరిలో, మళ్లీ మాస్కులు బిగించిన రోజుల్లో, జేసీబీ వచ్చింది. వినోద ఆఫీసులో ఉండగా తండ్రి ఫోన్ చేశాడు.

"ఎన్క వరుస కూలగొడుతున్నరు! జల్ది రా!"

ఆటో దొరకబుచ్చుకుని వచ్చేసరికి వెనక వరుస చివరి ఇళ్లు నేలమట్టమయ్యాయి. సారక్క ఇల్లు వాటిలోదే. ఆమె రోడ్డు మీద మూటల మధ్య నిలబడి ఉంది. అంతకాలం కట్టి విప్పిన మూటలు ఆ రోజు కట్టి లేవు, దొరికిన బట్టల్లో దొరికినవి చుట్టి తెచ్చుకుంది. కాంట్రాక్టరు మనిషి చేతిలో మడతలు పడ్డ పాత పటం ఉంది. వినోద తన ఫోనులో కొత్తది తెరిచి ఆయన ముఖం ముందు పెట్టింది. ఆయన దాన్ని చూశాడు, తన కాగితాన్ని చూశాడు, ఎవరికో ఫోన్ చేశాడు.

"అచ్ఛా, ముందు వరుసా?" అని జేసీబీని అటు తిప్పించాడు.

పొద్దు గుంకేలోపు వినోద వాళ్ల ఇల్లూ పోయింది. భాగ్యలక్ష్మి ఏడవలేదు. కూతురి చేతిలోని ఫోను వంక మాత్రం చూస్తూ నిలబడింది.

ఇల్లు పోయినవాళ్లకు ఊరవతల పల్సానా వైపు కట్టిన ఫ్లాట్లు ఇచ్చారు. ముందు వరుస వాళ్లందరికీ వచ్చాయి. సారక్కకూ ఆమె పక్కవాళ్లకూ రాలేదు. వినోద సారక్కను వెంటబెట్టుకుని కార్పొరేషన్ ఆఫీసుకు తీసుకెళ్లింది. అక్కడి అధికారి విసుక్కోలేదు, కుర్చీ కూడా చూపించాడు. కంప్యూటరులో పటం తెరిచాడు. వినోద సరిచేసి పంపిన పటమే అది. నాలా గీత ముందు వరుస మీదుగా తిన్నగా పోతోంది. వెనక వరుస జోలికి రాలేదు. ఆ గీత కింద ఉన్నది ఇళ్లు కూల్చకముందు ఎప్పుడో తీసిన ఉపగ్రహం ఫోటో.

సారక్క ముందుకు వంగి చూసింది.

"అగో, గదే మా ఇల్లు సారు! ఆ నీలం కవరు మా ఆయనే కప్పిండు, వానకు ఉరుస్తదని!" అంది. ఎన్నో నెలల తర్వాత ఆమె ముఖంలో నవ్వు కనిపించింది.

వినోద ఆ మాటలు హిందీలో చెప్పింది. చెబుతుండగానే వాటి అర్థం ఆమెకు తట్టింది. అధికారి తల ఊపాడు. "ఆమే చెబుతోంది కదా, ఇల్లు ఉంది. గీత దాని మీద లేదు. లేని నష్టానికి ఫ్లాట్ ఎలా ఇవ్వను?"

"ఫోటో పాతది సార్. ముందు పంపిన పటం తప్పు. దాన్నిబట్టి కూల్చారు."

"అయితే ఆ పటం తప్పని మీ ఆఫీసు రాసివ్వాలి."

హిరేన్‌భాయ్ రాసివ్వలేదు. "రాస్తే నా ఆఫీసు మూసుకోవాల్సిందే. రికార్డులో ఉన్నది ఒక్కటే పటం వినోదాబెన్, నువ్వు చేసింది. అది సరైనదే కదా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. పాత ఫైలు ఆమె కంప్యూటరులో ఉంది. దాన్ని ప్రింటు తీసి, జరిగినదంతా తనే రాసి, సంతకం పెట్టి ఆ అధికారికి ఇచ్చింది. మర్నాడు హిరేన్‌భాయ్ ఆమెను ఇక రావొద్దన్నాడు. ఆ అర్జీని తీసుకున్నారు. ఉద్యోగం పోయిన డ్రాఫ్టరు సంతకం చెల్లదని కొన్నాళ్లకు చెప్పారు.

ఫ్లాటులో మొదటి వారం భాగ్యలక్ష్మి కూతురితో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున కూరగాయలు తరుగుతూ మెల్లగా అంది: "నువ్వు ఊకుంటే అయిపోతుండె. మన ఇల్లు మనకుంటుండె. ఈ ఫ్లాటు సారక్కకొస్తుండె. ఇద్దరం బతుకుతుంటిమి."

 తల్లి చెప్పింది అక్షరాలా నిజం.

సారక్క సూరత్‌లోనే పాండేసర అనే పేటలో నలుగురు ఆడవాళ్లతో కలిసి ఒక గదిలో ఉంటోంది. చీరల మీది దారాలు కత్తిరించే పని దొరికింది. ఊరికి పోలేదు. తమ్ముడు రమ్మననూ లేదు. అర్జీ సంగతి చెప్పడానికి వినోద వెళ్లినప్పుడు ఆమె చేతిలో కత్తెర ఆపకుండానే విన్నది.

"మా ఇంట్ల రెండు గదులున్నయి చిన్నమ్మా. నువ్వొచ్చి ఉండు," అంది వినోద.

"మీ అమ్మ పంపిందా?"

వినోద తల వంచుకుంది.

"నువ్వు మంచిదే చేద్దామనుకున్నవ్ బిడ్డా, నాకెరుకే," అంది సారక్క. "నిన్ను తిట్టబుద్ధి కాదు. గానీ నువ్వొస్తే ఆ దినమంత నాకు ఇల్లే యాదికొస్తది. చేతికి పని సాగదు. జర ఇటు రాకు."

చాయ్ మాత్రం తాగించి పంపింది. వినోద మళ్లీ పాండేసర వెళ్లలేదు.