చెత్తబుట్టలో మల్లెలు

బాబు పండుకు పాలు మాన్పించాలి. రొమ్ములకు పాత చీర బిగించి కట్టుకోవాలి. ఆఫీసు బట్టలు ఇస్త్రీకి ఇవ్వాలి. అమ్మను ఆనేకల్ బస్సెక్కించాలి.

శనివారం ఇవన్నీ రాసి ఫ్రిజ్‌కు అంటించాను. సోమవారం నుంచి కొత్త ఉద్యోగం. మా పుట్టింట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. రాసుకుని చేస్తే ఏ పనైనా అవుతుందని నా నమ్మకం.

మా అమ్మ సొన్నమ్మ ఆనేకల్‌లో నేత మగ్గాలకు దారం కండెలు చుడుతుంది. చదవడం రాదు. ఆఖరి ముక్క దాచి, మిగతాది చదివి వినిపించాను.

"ఒక్క దినంలోనా? పాలేమన్నా నల్లీ నీళ్ళా మే, తిప్పితే నిలిచిపోయేదానికి? ముందు పగటి పూట ఒకటి మానిపించు. నాలుగు దినాలకు ఇంకోటి. సలిపితే కొంచెం పిండుకో, అంతే. గుడ్డ బిగించొద్దు."

"నెట్‌లో చూశానమ్మా."

"నెట్టుకు రొమ్ములు ఉండాయా?"

నా భర్త గిరీష్ పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. రవికెలో పెట్టుకుంటే పాలు తగ్గుతాయని అమ్మ తెచ్చిన రెండు మూరల మల్లెలను అతని ముందే చెత్తబుట్టలో పడేశాను.

"చదువు లేని మాటలు నా దగ్గర వద్దు."

అమ్మ చేతిసంచి తీసుకుంది. చెప్పులు వేసుకుంది. ఆఖరి పని నేను చేయాల్సిన అవసరం లేకపోయింది.

ఆదివారం పండుకు పాలు ఆపి, చీర బిగించాను. సోమవారం మధ్యాహ్నానికి ఎడమ రొమ్ము రాయిలా గట్టిపడింది. మీటింగులో అందరి ముందూ చొక్కా తడిసింది. మరునాటికి చలిజ్వరం. డాక్టరమ్మ మాత్రలు రాసి, "ఎవరు బిగించమన్నారు? జ్వరం తగ్గేదాకా బిడ్డకు పట్టండి. తర్వాత ఒక్కో పూటే తగ్గించండి" అంది.

అమ్మ మాటే. ఈసారి బుద్ధిగా తలూపాను. ఆ తలూపడం తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

ఇంటికొస్తే గుమ్మంలో అమ్మ. గిరీష్ ఫోన్ చేశాడట.

"రా మే, పండు ఏడుస్తా ఉండాడు."

క్షమించమనడానికి నోరు రాలేదు. "పూలు తెచ్చినావా?" అన్నాను.

"తెచ్చినా. చెత్తబుట్ట కడిగి పెట్టినావా?"

నెల పట్టింది. నొప్పి లేకుండా పాలు ఇంకిపోయాయి. పూల వల్లో, పూటలు తగ్గించడం వల్లో తెలియదు. ఆఫీసులో అడిగితే మాత్రం డాక్టర్ చెప్పినట్టు చేశానన్నాను. అక్కడా అమ్మ పేరు నా నోట రాలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా బిడ్డకు పాలు మాన్పిస్తుంటే, ఆనేకల్ సొన్నమ్మను ఒక్కసారి తలుచుకోండి.