గాజు మీద బొట్టు

"పూజ సంగతి నువ్వు చూసుకో ఉమా. మన టీమ్‌లో ఆడపిల్లవి నువ్వొక్కదానివే కదా," అన్నారు మా బాస్ మధుసూదన్ గారు, దసరా సెలవులకు ముందు. ముప్పై ఎనిమిదేళ్ల ఆడపిల్లని. పొద్దున్నే ప్రగతి నగర్‌లో మా ఇంటి గడపలకు పసుపు రాసి, అదే చేత్తో కోకాపేటలో ల్యాబ్ గుమ్మానికి మామిడాకులు కట్టాను. పీహెచ్‌డీ ఎందుకు చేశానో ఆ స్టూలెక్కినప్పుడు నాకే గుర్తు రాలేదు.

మేము చేసేది కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని పట్టుకునే సెన్సర్లు. కాంతితో సందేశాలు పంపాలంటే సెన్సర్ ఒక మెరుపును చూసి వెంటనే మర్చిపోవాలి, లేకపోతే తర్వాతి మెరుపుతో కలగాపులగం అవుతుంది. నేను తయారు చేసిన పొర అంత తొందరగా మర్చిపోదు. ల్యాంప్ ఆర్పినా అందులో కరెంటు మెల్లగా తగ్గుతుంది, మళ్లీ మళ్లీ చూపిస్తే ఆ జ్ఞాపకం గట్టిపడుతుంది. అందరూ లోపమన్నారు. మెదడులా నేర్చుకునే చిప్‌కు కావలసింది అదేనని మూడేళ్లు మొత్తుకుంటే చివరికి ఒప్పుకున్నారు. సెలవులు అవగానే పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తారు, నేనే చూపించాలి. బాగా జరిగితే ఆ ప్రాజెక్టుకు నేనే లీడ్. "చిన్న మాటంటే ఏడాది గుర్తు పెట్టుకుంటావు, నీ సెన్సరూ నీలాగే తయారైంది," అని మా ఆయన అవినాష్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంట్లో నవ్వడం కూడా ఒక పనే.

పూజలో మిషన్లన్నిటికీ బొట్లు పెట్టాను గానీ, ల్యాంప్ కింద, కాంతి సెన్సర్ మీదికి దిగే గాజు జోలికి పోలేదు. దాని మీద వేలిముద్ర కూడా పడకూడదు. పూజ చూడ్డానికి వచ్చిన మధుసూదన్ గారి అమ్మగారు మాత్రం, "దీన్ని వదిలేశారేంటి," అంటూ సరిగ్గా గాజు మధ్యలో పసుపూ గంధం కలిపి బొట్టు పెట్టారట. నేనప్పుడు అవతలి గదిలో పులిహోర పంచుతున్నాను. దాని మీదే ల్యాంప్ బిగించి అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు.

సెలవుల్లో ఒక్కసారి వెళ్లి రీడింగ్ చూసుకుంటానన్నాను. "ఇంటి నిండా చుట్టాల్ని పెట్టుకుని ల్యాబేంటి ఉమా, అమ్మ ఒక్కతే చెయ్యగలదా," అన్నాడు అవినాష్. గారెలు వేయిస్తూ ఉండిపోయాను.

సెలవులయ్యాక, పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు ల్యాంప్ వెలిగించాను. తెర మీద గీత లేవలేదు. వైర్లు చూశాను, సెన్సర్ మార్చాను, అయినా లేవలేదు. వాళ్లు మర్యాదగా కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆ తర్వాత ల్యాంప్ విప్పితే బొట్టు కనిపించింది. పసుపు అతినీలలోహితాన్ని మింగేస్తుంది. ఆ రోజు ల్యాంప్ బిగించిన మా టెక్నీషియన్ వేణు తల దించుకున్నాడు. "గింత బొట్టుకే గిట్లయితదనుకోలే మేడం. సార్ వాళ్లమ్మ పెట్టింది, తుడిస్తే ఏమనుకుంటదో అని ఊకున్న."

సాయంత్రం మధుసూదన్ గారి గదికి వెళ్లాను. "అమ్మే పెట్టిందని నాకు తెలుసు ఉమా. ఆవిడ పేరు వాళ్లకెలా చెప్పను? పూజ నువ్వు చూసుకున్నావని ఫోన్‌లో చెప్పాను. నువ్వు మన మనిషివి, సర్దుకుంటావు. వాళ్లు మళ్లీ వస్తామన్నారు, ఈసారి మన టీమ్‌లో శ్యామ్ చూపిస్తాడు. ఇక ముందు కూడా తనే లీడ్ చేస్తాడు." పెళ్లయిన నాటి నుంచీ వింటున్న మాటే, సర్దుకుంటావు. ఏసీ గదిలో విన్నా అంతే మండింది.

ఇంట్లో చెప్పాను. "అమ్మవారి బొట్టు మీద నెపం పెట్టకమ్మా, కళ్లు పోతాయి," అన్నారు అత్తగారు. "పెద్దావిడని ఆయన మాత్రం ఎలా అంటాడు? అంత బాధైతే మానెయ్," అన్నాడు అవినాష్. మానేస్తే ఇంట్లో సంతోషిస్తారు, మానకపోతే ఆఫీసులో. నాకు సంతోషం కలిగే దారి మాత్రం ఎంత వెతికినా కనపడలేదు.

మర్నాడు శ్యామ్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "ఆ పొరను ఎంత వేడిలో, ఎంతసేపు ఉంచుతారండీ? మీకు తప్ప ఇంకెవరికీ కుదరట్లేదు."

తెలియదని చెప్పాలనుకున్నాను. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ నేను చెప్పకపోతే పొర పగులుతుంది, ఆలోచనే తప్పని పారేస్తారు. చెప్పడం మొదలుపెట్టాను, ఏదీ దాచకుండా. మధ్యలో ఆగి అడిగాను.

"నేను చెప్పనేమోనని సార్ అనుమానపడలేదా?"

"లేదండీ. 'ఆమెకు ఆ సెన్సరంటే ప్రాణం, చెప్పకుండా ఉండలేదులే, వెళ్లు' అన్నారు."