పడవవాడి సోది

పొద్దున్నే రెండు కప్పులు టీ పెట్టి, ఒకటి మరిది బల్ల మీద ఉంచి, రెండోది పట్టుకుని వదిన కొత్త గదిలోకి వెళ్ళేది. వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. అందులో ఏం చేస్తుందో మరిది ఎప్పుడూ అడగలేదు.

ఆ ఊళ్ళో అందరూ ఆడే, మాయలూ యుద్ధాలూ ఉండే ఒక పెద్ద వీడియో ఆటకి ఎక్స్‌పాన్షన్ ప్యాక్, అంటే కొత్త చోట్లూ కొత్త కథా కలిపే అదనపు భాగం, వచ్చినప్పుడల్లా, అది వేసుకున్న ప్రతి ఇంటికీ ఒక గది పెరిగేది. ఇంటి ఓనర్లు సణుక్కునేవాళ్ళు, అద్దెకున్నవాళ్ళు గోడలకి రంగు వేయించుకునేవాళ్ళు, అంతే. మొదటి ప్యాక్ ‘మంచుకోట’ గదిలో కూరగాయలు వాడిపోయేవి కావు. రెండోది, ‘దీవులు’ గది పేరుకి పెద్దదే గానీ, ఎంత నడిచినా అదే ఇసుక, అదే కోతి.

ఆటల మీద సమీక్షలు రాయడంలో మరిదికి మంచి పేరు. కుర్రకారు అతన్ని ‘జడ్జిగారు’ అనేవాళ్ళు. మంచుకోటకి యుద్ధాలు బలం, కథ నీరసం. దీవులకి అందం బలం, చెయ్యడానికి పనేమీ లేకపోవడం లోపం అని తేల్చేస్తే, జనం ఇంక మారుమాట్లాడేవాళ్ళు కారు. అయితే ఈమధ్య అతను ఏ ప్యాకూ చివరిదాకా ఆడటం లేదు. గుమ్మంలోంచి ఓ చూపు చూసి, మిగతాది ఊహించి రాసేస్తున్నాడు.

మూడో ప్యాక్ ‘ఏటి అవతల’. గది నిండా నది. ఒడ్డున పడవ, అందులో ముఖానికి తువ్వాలు చుట్టుకున్న పడవవాడు. మాటలు వద్దనుకునేవాళ్ళ కోసం పడవలో ఒక గంట ఉంది. పడవవాడు నోరు తెరవగానే జడ్జిగారు గంట కొట్టాడు. పడవ ఒక్క ఊపున అవతలి ఒడ్డుకి చేరింది. అక్కడ మూసిన తలుపుల ఊరు తప్ప మనిషన్నవాడు లేడు. వెనక్కొచ్చి రాశాడు: నీళ్ళ చప్పుడు బాగుంది, వెలుగు బాగుంది, పడవవాడిది సోది, అవతల ఊరు ఖాళీ, మొత్తానికి దండగ.

జనం నమ్మారు. ఇంటింటా ఆ గది మూతపడింది.

ఒకరోజు భోజనాల దగ్గర వదిన మామూలుగానే అంది. “నా ప్యాక్ తీసేస్తున్నారు. నన్నూ ఇంక రావద్దన్నారు.”

ఆవిడ ఒక ఆటల కంపెనీలో కథలు రాస్తుందని అతనికి తెలుసు. అవేం కథలో ఎప్పుడూ తెలుసుకోలేదు.

“ఏ ప్యాక్ వదినా?”

“దండగన్నావే, అదే.”

అతను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. “నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా.”

“చెప్తే బాగుందని రాసేవాడివి. అదీ చూడకుండానే.”

మర్నాడు వదిన ఆఫీసు నుంచి తన సామాను తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు అతను గదిలోకి వెళ్ళి పడవెక్కాడు. గంట జోలికి పోలేదు. కాస్త దూరం సాగాక పడవవాడు ఉక్కపోస్తోందంటూ తువ్వాలు తీశాడు. జబ్బు చేసి పోయిన తన అన్న. కానీ ఆ కళ్ళల్లో గుర్తుపట్టిన జాడ లేదు. ఎక్కినవాడు ఎవరో దారినపోయేవాడు, అంతే. పడవకి పడ్డ చిల్లు గురించి, చేపల గురించి, భార్య అలక గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పుకొచ్చాడు. బతికున్నప్పుడూ అంతే.

“మా తమ్ముడున్నాడండీ, ఏదీ చివరిదాకా చెయ్యడు. నేను మాట్లాడుతుంటే చెవుల్లో ఏదో పెట్టుకుంటాడు. తప్పు నాదేలెండి, నాకు ఆపడం రాదు. వాడి మనసు మాత్రం వెన్న.”

మాటలు అయ్యేసరికి పడవ ఒడ్డు తాకింది. ఊళ్ళో తలుపులన్నీ తెరుచుకుని ఉన్నాయి. ఎవరో బట్టలు ఆరేస్తున్నారు, పిల్లలు కొట్టుకుంటున్నారు. వాళ్ళకి ముఖం చూపించలేక అతను పడవలోనే ఉండిపోయాడు.

ఆ రోజే, గంట కొట్టేసి ఏదీ చూడకుండా రాశానని అందరికీ చెప్పేశాడు. తిట్టనివాడు లేడు. జడ్జిగారు కాస్తా ‘గంటగారు’ అయ్యాడు. అబద్ధాలకోరు ఇప్పుడు బాగుందంటే మాత్రం ఎవరు నమ్ముతారు? ఆ గదులు మూసే ఉన్నాయి.

సమీక్షలు మానేశాడు. రోజూ వెళ్ళి, తానెవరో చెప్పకుండా, అన్న పక్కన రెండో తెడ్డు పట్టుకునేవాడు. ఎవరింటి గదిలోంచి వెళ్ళినా నది ఒకటే కాబట్టి, ప్యాక్ ఇంకా ఉంచుకున్న కొద్దిమందికి పడవలో తల దించుకున్న మనిషొకడు కనిపించసాగాడు. అతను తెడ్డు వేస్తున్నంతసేపూ గంట కొట్టినా పడవ ఎగిరి ఒడ్డుకి పోయేది కాదు, నది నడకనే నడిచేది. చేసేదిలేక జనం పడవవాడి మాటలు విన్నారు. విన్నవాళ్ళకి ఊరు కనిపించింది. వాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. కంపెనీ ప్యాక్ తీసెయ్యడం మానుకుని, మళ్ళీ పనిలోకి రమ్మని వదినకి కబురు పెట్టింది.

ఆ మర్నాడు ఆవిడ టీ కప్పుతో వచ్చి పడవలో కూర్చుంది. అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

“ఇప్పుడు చెప్పు, ఇందులో లోపమేంటి?”

తెడ్డు వేస్తూనే అన్నాడు. “తమ్ముణ్ణి మరీ మంచివాడిగా రాశావు వదినా. అంత మంచివాడు కాదు.”

“అవి నా మాటలు కావు. మీ అన్నయ్య ఎప్పుడూ అనేవే.”

అతను తలెత్తలేకపోయాడు. పక్కన అన్న, ఎవరూ అడక్కపోయినా, ఇంకేదో చెప్పుకుపోతున్నాడు.