పొగగొట్టంలో మూడోవాణ్ణి

నేను ఒక చిన్న ఇనప పుల్లని. వేలెడంత ఒళ్ళు, వెనకాల మూరెడు వైరు తోక, ఆ తోక చివర ఒక ప్లగ్గు. డీజిలు లారీ పొగగొట్టానికి కన్నం పెట్టి, నా తల లోపలికి దూర్చి, మెడ దగ్గర మరతో బిగిస్తారు. లోపల వేడి ఎంతుందో ఎప్పటికప్పుడు లారీ కంప్యూటరుకి చెబుతూ ఉండాలి. అంతే నా ఉద్యోగం. మెకానిక్కులు సెన్సారు అంటారు. డ్రైవర్లు కోపమొచ్చినప్పుడు రకరకాల పేర్లు పెడతారు, అవి ఇక్కడ చెబితే బాగోదు.

ఉద్యోగం చిన్నదే గాని, తేలికైనది మాత్రం కాదు. లారీ వదిలే పొగలో మసిని పట్టి ఉంచడానికి గొట్టంలో ఒక జల్లెడ ఉంటుంది. అది నిండిపోయినప్పుడల్లా కంప్యూటరు గొట్టంలోకి మరికాస్త డీజిలు వదిలి, వేడి పెంచి, ఆ మసిని కాల్చేస్తుంది. అంటే మీ కాళ్ళ కింద ఒక కుంపటి పెట్టుకుని ఊళ్ళు తిరుగుతున్నారన్నమాట. కుంపటి పక్కన ఎవడో ఒకడు కూర్చుని ‘ఇంక చాలు’ అనాలి కదా. ఆ అనేవాణ్ణి నేను. గొట్టం పొడుగునా మేం నలుగురం ఉంటాం. నేను మూడోవాణ్ణి, సరిగ్గా జల్లెడ ముందు.

నన్ను చేసిన ఫ్యాక్టరీలో కొలిమిలో ముంచి తీసి, చెప్పిన వేడి నిజమో కాదో చూసి మరీ బయటికి పంపారు. అబద్ధం చెప్పినవాళ్ళని అక్కడే చెత్తబుట్టలో పడేశారు. లోకమంతా ఇంతే కాబోలు అనుకున్నాను. మనుషుల్లో పడ్డాక గాని తెలిసిరాలేదు. వాళ్ళకి నిజం కావాలి, అయితే అది మంచికబురై ఉండాలి. చెడ్డకబురైతే ముందు చెప్పినవాడి నోరు మూయిస్తారు, ఆ తరవాత తీరిగ్గా బాధపడతారు.

మొదట్లో మా లారీ విశాఖపట్నంలో ఒక పెద్ద ట్రాన్స్‌పోర్టువాళ్ళది. ఓడరేవు నుంచి బొగ్గు మోసేది. అక్కడ నన్ను పట్టించుకున్నవాడు లేడు, నేనూ ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు. అది పాతబడ్డాక విజయనగరం దగ్గర ఒక పల్లెటూరి మనిషి కొనుక్కున్నాడు. తవిటినాయుడు అతని పేరు. ఏళ్ళ తరబడి ఊరివాళ్ళ లారీలు తోలి తోలి, సొంత బండి అనేసరికి చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకునేవాడు. పొద్దున్నే అద్దం తుడిచి, టైర్లకి నీళ్ళు కొట్టి, బానెట్టుకి దణ్ణం పెట్టి గాని తాళం తిప్పేవాడు కాదు. మంచివాడే. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇక ముందు నేను చెప్పబోయేది వింటే మీకు అతని మీద కోపం వస్తుంది.

రెండో డ్రైవరు అతని బావమరిది లోకనాథం. నాయుడు పెళ్ళాం ఎర్నమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోతే ఎర్నమ్మే ఎత్తుకు పెంచింది. అతను స్టీరింగు మీద ఉంటే లారీ నెమ్మదిగా, ఒద్దికగా పోయేది. డ్యూటీ దిగితే మాత్రం సీటు వెనక బల్ల మీద ఒళ్ళు వాల్చిన మరుక్షణం నిద్ర. పిడుగు పడ్డా లేవడని నాయుడు వేళాకోళం చేసేవాడు.

గోగునార కోతల రోజుల్లో మొదలైంది అసలు గొడవ. ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్లలో ఒకదాని మూత సరిగ్గా పడక డీజిలు కారడం మొదలుపెట్టింది. ఆ కారిన డీజిలు కాలకుండానే గొట్టంలోకి వచ్చి, జల్లెడలో పడి, అక్కడ అంటుకునేది. వేడి ఎప్పుడూ ఉండేదానికంటే పెరిగింది. పెరిగిందని నేను చెప్పాను. నాయుడి ఎదురుగా ఎర్రదీపం వెలిగింది. దసరా దగ్గర్లో ఉంది, అమ్మవారి పండగ ముందు బండిలో ఎర్రదీపం వెలగడం అతని మనసుకి శకునంలా తోచింది. ఆయుధపూజ నాడు బండికి పసుపు రాసి, నిమ్మకాయలు తొక్కించి, ఎర్నమ్మ చేత బొట్టు పెట్టించి, ఆ దీపం మీద సరిగ్గా సరిపోయేలా పైడితల్లమ్మ బొమ్మ స్టిక్కరు అంటించాడు. అంటించి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. అతను దీపాన్ని దాచాననుకోలేదు, దాన్ని అమ్మవారికి అప్పగించాననుకున్నాడు. అక్కణ్ణుంచి అది వెలిగితే అమ్మవారి ముఖం వెనక ఎర్రగా కాస్త మెరిసేది, అంతే.

దీపాన్ని కప్పారు గాని కంప్యూటరు ఊరుకుంటుందా. నా మాట విని ఇంజను బలం తగ్గించేసింది. ఎత్తు ఎక్కేటప్పుడు లారీ ముక్కుతూ మూలుగుతూ నడిచేది, వెనకవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. ఇక తప్పక ఒక మధ్యాహ్నం గజపతినగరం దారిలో కృపానందం షెడ్డుకి తీసుకొచ్చారు.

కృపానందం మేస్త్రి లారీ కంప్యూటరు ఫిర్యాదులు చదివే తన పెట్టె తగిలించి చూశాడు. తెరమీద నా నంబరు పడింది, మూడో సెన్సారు, వేడి మరీ ఎక్కువ అని. వేడి ఎక్కువైందన్న మాట ఎవరికీ పట్టలేదు, నా నంబరు మాత్రం పట్టింది. అదిగో దొంగ దొరికాడన్నాడు నాయుడు. దొంగతనం జరిగిందని కేకేసినవాణ్ణే పట్టుకుని దొంగ అంటే ఎలా ఉంటుంది? నాకు ఒళ్ళు మండిపోయింది.

కృపానందం అంత తొందరపడలేదు. ఇవాళ బండి ఇక్కడే ఒదిలెయ్యమన్నాడు. రాత్రంతా చల్లారితే పొద్దున్న ఇంజను తిప్పకముందే నలుగురు సెన్సార్లనీ అడుగుదాం, నలుగురూ ఒకే మాట చెప్పాలి, బయట గాలి ఎంత చల్లగా ఉందో అంతే చెప్పాలి. మూడోవాడు వేరేగా చెబితే వాడిది తప్పు. అలా కాకుండా ఒకేలా చెబితే వాడు చెప్పింది నిజమే, అప్పుడు ఇంజెక్టర్లు విప్పి చూద్దాం అన్నాడు. అని ఊరుకోకుండా ఏర్పాట్లు మొదలెట్టాడు. గుడ్డ పరిచి, వైరు దూరేలా పక్కన గాడి ఉన్న పానా తీసి పెట్టాడు. నా మెడ చుట్టూ తుప్పు వదిలే నూనె చుక్కలు చుక్కలుగా వేశాడు. ఒకవేళ మార్చాల్సి వస్తే అని కొత్త సెన్సారు డబ్బా కూడా తెప్పించి పక్కన పెట్టాడు. అంతకాలానికి నన్ను తిట్టకుండా, నేను నిజం చెబుతున్నానా లేదా అని అడగబోయే మనిషి దొరికాడు. పొద్దు ఎప్పుడు పొడుస్తుందా అని చూశాను.

ఆ పొద్దు నా వంతుకి రాలేదు. సాయంత్రం నాయుడికి ఫోను వచ్చింది. రాజాం దగ్గర నార మిల్లుకి పోవాల్సిన గోగునార బేళ్ళు కట్టి సిద్ధంగా ఉన్నాయి, తెల్లారేసరికి బండి పెడితే లోడు నీది, లేకపోతే వేరేవాణ్ణి పిలుస్తానన్నాడు ఏజెంటు. ఒకసారి పిలిచినప్పుడు పోకపోతే సీజనంతా పిలవరు. అది నాయుడికి బాగా తెలుసు. టెస్టులూ గిస్టులూ ఒద్దు, పాతది పీకి కొత్తది పెట్టెయ్యమని మేస్త్రి మీద పడ్డాడు.

లోకనాథం నేల మీద గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అతనికి ఎందుకో మనసొప్పలేదు. లేచి వచ్చి, “ఒక్క రాత్రి ఆగుదుం బావా. మేస్త్రి సెప్తన్నాడు కదా” అన్నాడు.

“ఆగితే లోడు పోద్ది. నీకు తెల్దు, ఊరుకో” అన్నాడు నాయుడు. లోకనాథం వెనక్కి వెళ్ళి మళ్ళీ బీడీ అందుకున్నాడు. బావకి ఎదురు చెప్పే అలవాటు అతనికి లేదు.

కృపానందం విసుక్కుంటూనే కిందకి దూరాడు. గొట్టం ఇంకా కాలుతోంది. నూనె నాలోకి దిగడానికి కూడా టైము ఇవ్వలేదు. పానా పెట్టి తిప్పితే నేను కదల్లేదు. బొగ్గు రోజుల నుంచీ తుప్పు నన్ను గొట్టానికి అతికించేసింది. గట్టిగా తిప్పితే మర ఊడి గొట్టమే మార్చాల్సి వస్తుంది, అది రోజుల పని అన్నాడు. నాయుడు తల పట్టుకున్నాడు. తరవాత, ఏదో ఒకటి చెయ్యి మేస్త్రీ, ఈ ఒక్క ట్రిప్పూ గట్టెక్కించు, నీకు పుణ్యముంటుంది అని బతిమాలాడు.

బతిమాలితే కాదనలేకపోవడం మన మెకానిక్కులకి ఉన్న జబ్బు. పని తెలిసినవాడు కూడా అక్కడ జారిపోతాడు. కృపానందం నా ప్లగ్గు ఊడదీశాడు. కొత్త సెన్సారు ప్లగ్గు ఆ చోట పెట్టాడు. పెట్టి, ఆ కొత్తవాణ్ణి గొట్టంలో బిగించే దారి లేదు కాబట్టి, ఒక తీగముక్కతో ఛాసిసుకి కట్టి గాలిలో వేలాడదీశాడు. కంప్యూటరులో పాత ఫిర్యాదులన్నీ తుడిచేశాడు. ఇంజను హాయిగా బలం అందుకుంది. నాయుడి ముఖం వెలిగిపోయింది. మిల్లు దగ్గర లోడు దించి తిన్నగా ఇక్కడికే రా, దారిలో ఎక్కడా ఎండుగడ్డి మీద ఆపకు అని మేస్త్రి రెండుసార్లు చెప్పాడు. నాయుడు రెండుసార్లూ అలాగేనన్నాడు.

కొత్తవాడి తప్పేమీ లేదు. వాడు ఉన్న చోట చల్లటి గాలి, చల్లగా ఉందని చెప్పాడు. అది నిజమే. కంప్యూటరేమో జల్లెడ దగ్గరే చల్లగా ఉందనుకుంది. మసి కాలడానికి వేడి చాలట్లేదనుకుని మరికాస్త డీజిలు వదిలింది. వాడు మళ్ళీ చల్లగా ఉందన్నాడు. అది ఇంకాస్త వదిలింది. నేను లోపలే ఉన్నాను. ప్లగ్గు ఊడి, నోరు లేక, ఆ నిప్పులో తల పెట్టుకుని అలాగే ఉన్నాను. నా వెనక నాలుగోవాడు అరుస్తూనే ఉన్నాడు, వాడి మాటకి కంప్యూటరు దీపం వెలిగిస్తుంది గాని బలం తగ్గించదు, ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. దాని మీద అమ్మవారి బొమ్మ ఉంది, నాయుడు చూపు రోడ్డు మీద ఉంది.

తెల్లారి బేళ్ళు ఎక్కించారు. క్యాబిను దాటి ఎత్తుగా పేర్చి తాళ్ళు బిగించారు, అంచుల్లోంచి నార పీచులు జుట్టులా కిందికి వేలాడాయి. పొద్దుటి దారంతా లోకనాథం తోలాడు. రోడ్డు మీద పోతున్నంతసేపూ గాలి తగులుతుంది కాబట్టి ఎలాగో నడిచింది. మిల్లు దగ్గరపడ్డాక నాయుడు స్టీరింగు అందుకున్నాడు, లోకనాథం వెనక బల్ల మీద వాలి అప్పుడే నిద్రలోకి జారాడు.

మిల్లు ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. మా దగ్గర ఆ క్యూలో ఎవరూ ఇంజను ఆపరు. ఒక్కో బండీ జరుగుతూ ఉంటుంది, ఆపి మళ్ళీ తిప్పేలోగా వెనకవాడు ముందుకి దూరిపోతాడు. అందరూ అలాగే చేస్తారు, నాయుడూ అలాగే చేశాడు. తారు మీద చోటు లేక ఎడమ చక్రాలు పక్కకి దింపాడు. ఎండిన గడ్డి, దాని మీద వచ్చేపోయే బళ్ళు రాల్చిన నార పీచు పరుపులా పరుచుకుని ఉంది. అప్పుడు అతనికి మేస్త్రి మాట గుర్తొచ్చిందో లేదో నాకు తెలీదు. గుర్తొచ్చినా, కాసేపేలే అనుకుని ఉంటాడు. బండి ఆన్‌లోనే ఉంచి, తలుపు వేసి, చీటీ రాయించుకోవడానికి గేటు వైపు వెళ్ళాడు.

అతని చెప్పుల చప్పుడు దూరమైపోయింది. నేనూ, పైన నిద్రపోతున్న మనిషీ మిగిలాం.

నిలబడ్డ బండికి గాలి లేదు. గొట్టం ముదురు ఎరుపు తిరిగింది. ఫ్యాక్టరీలో నన్ను ముంచిన కొలిమి కూడా అంత వేడిగా లేదు. వేడి నాకు పెట్టిన గీత ఎప్పుడో దాటిపోయింది, చాలు, చాలు, చాలు అని నేను అంటూనే ఉన్నాను, ఊడిన ప్లగ్గు గాలిలో ఊగుతూనే ఉంది. నాకు భయమేసింది. ఇనుముకి భయమేమిటని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. ముందు గడ్డిలోంచి సన్నటి పొగ లేచింది. తరవాత పీచు అంటుకుంది. గోగునార అంటుకుంటే మెల్లగా కాలదు. ఒక పీచు నుంచి ఇంకో పీచుకి పాకి, వేలాడే నార పట్టుకుని బేళ్ళ మీదికి ఎక్కేసింది. వెనక లారీవాడు చూసి దిగి పరిగెత్తేసరికే క్యాబిను నిండా పొగ కమ్ముకుంది.

లోకనాథం లేచాడు. బల్ల మీంచి కింద పడ్డ చప్పుడు నా దాకా వచ్చింది. ఏ వైపు తలుపో తెలియక తడుముకున్నాడు. “బావా” అని పిలిచాడు. దగ్గాడు. మళ్ళీ ఒకసారి, “బావా” అన్నాడు. ఆ తరవాత పిలవలేదు.

నాయుడు గేటు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. మంటల్లోకి చెయ్యి పెట్టి తలుపు లాగాడు, చేతుల తోలు ఊడిపోయింది, నలుగురు పట్టుకుని వెనక్కి లాగారు. ఫైరింజను వచ్చేటప్పటికి ఆర్పడానికి ఏమీ మిగల్లేదు.

కాలిపోయిన లారీని తెచ్చి పోలీసు స్టేషను వెనక ఖాళీ స్థలంలో పడేశారు. ఇప్పుడు నా చోటు అదే. నా తోక ఆ మంటల్లోనే కాలిపోయింది. వానలు వచ్చాయి, నా మీద తుప్పు మీద తుప్పు పేరింది. గొట్టంలో ఉడుత ఒకటి కాపురం పెట్టింది. ఇక్కడ పాత స్కూటర్లు, ఆటోలు, ఎవరూ అడగని ట్రాక్టరు ఒకటి ఉన్నాయి. ఒక్కోదానికీ ఏదో ఒక కథ ఉండే ఉంటుంది. ఎవరి కథ వాళ్ళు లోపలే దాచుకుని నానుతున్నాం.

ఒకనాడు నాయుడు ఏదో సంతకం కోసం వచ్చాడు. చేతులకి ఇంకా కట్లు ఉన్నాయి. వెనకాలే ఎర్నమ్మ. అతను ఒద్దన్నా వినకుండా బండి దగ్గరికి వచ్చి, క్యాబిను ఉండాల్సిన చోటు వైపు చూస్తూ నిలబడింది. తరవాత మొగుడి వైపు తిరక్కుండానే అడిగింది.

“ఆడు నిన్ను కేకేసాడేటి?”

నాయుడు నేల చూశాడు. అతను గేటు దగ్గర ఉన్నాడు, అతనికేం వినపడుతుంది. తెలీదని అనొచ్చు. అనలేదు. “నేదు. నిద్దట్లోనే ఎలిపోనాడు. ఆడికేటీ తెల్దు” అన్నాడు.

ఎర్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తూనే, అంతవరకైనా నయం, నా తండ్రి నిద్దట్లోనే పోనాడు అని తనలో తనే రెండు మూడుసార్లు అనుకుంది. ఆ మాట పట్టుకునే ఆమె బతకాలి. అది నాకు కూడా అర్థమైంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పడానికే నన్ను చేశారు. ఇంతకాలం నా మాట ఎవరూ వినలేదని ఏడ్చినవాణ్ణి. ఆవేళ ఎర్నమ్మ కాలిన ఇనుము మీద చెయ్యి ఆనించి, నాకు జానెడు దూరంలో నిలబడి ఉంటే, నాకు తోక లేనందుకు సంతోషించాను. అతను రెండుసార్లు పిలిచాడు. అది ఆమెకి ఎవరూ చెప్పకండి.