ఎనిమిదో నంబరు బూట్లు

రాయగడ రైల్వే కాలనీ వెనక ఖాళీ జాగాలో కిరణ్మయి తన్నుతోంది. పొద్దున్నంతా మున్సిపాలిటీ కాలవలు తోడడం, సాయంత్రం ఇక్కడికొచ్చి తన్నడం. నాలుగేళ్ళుగా ఇదే. ఆదివారం కోరాపుట్‌లో బ్రౌన్ బెల్ట్ పరీక్ష. అది వస్తే బడుల్లో ఆడపిల్లలకు కరాటే నేర్పే పని దొరుకుతుంది. రాకపోతే కాలవే.

పక్కకి తన్నేదీ, నడుం తిప్పి తన్నేదీ శుభ్రంగా వస్తాయి ఆమెకి. రానిది మొదటి రోజు నేర్పేది: మేగేరి, అంటే ఎదురుగా తన్నడం. మోకాలు గుండె దాకా ఎత్తాలి, కాలు చాపాలి, కొట్టగానే వెనక్కి లాగాలి. కొట్టేటప్పుడు వేళ్ళు పైకి వంచాలి. వాటి మొదట్లో ఉన్న కండ తగలాలి. కిరణ్మయి వేళ్ళు కిందికి ముడుచుకుంటాయి. ప్యాడ్‌కి అవే తగిలి ప్రాణం పోయినంత పనవుతుంది.

"ఏళ్ళు పైకమ్మీ, పైకి!" ప్యాడ్ పట్టుకున్న సత్తిబాబు మాస్టారు అరిచాడు. పగలు రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేస్తాడు, సాయంత్రం ఊరికే నేర్పుతాడు. "నాలుగేళ్ళ నుంచి సెప్తన్నాను. నీకు సెవులు నేవా, నాకు నోరు నేదా?"

"ఎత్తుతున్నాననే అనుకుంటన్నాను మాస్టారూ."

"అనుకుంటే లేత్తాయా?"

గట్టు మీద కూర్చున్న అప్పలకొండమ్మ నవ్వింది. యాభై దాటిన మనిషి, కిరణ్మయితో అదే కాలవలో దిగుతుంది.

"దాన్ని తిడతావేటి బాబూ? అది బూటు పట్టుకుంటంది."

"బూటేదీ? ఒట్టి కాళ్ళే గదా!"

"మాకిచ్చేవి మగోళ్ళ బూట్లు, ఎనిమిదో నంబరు. దీని కాలు అయిదు. బురదలో కాలెత్తితే బూటు అక్కడే ఉండిపోద్ది. ఏళ్ళు ముడిసి పట్టుకునే ఎత్తాల. నాకూ అంతే. పడుకున్నా ముడుసుకునే ఉంటాయి, ఇదో సూడు." చెప్పు విడిచి చూపించింది.

సత్తిబాబు ప్యాడ్ కింద పెట్టేశాడు. నాలుగేళ్ళు ఆ పిల్లని తిట్టాడు. కాళ్ళు చూశాడు గానీ, ఆ కాళ్ళు పొద్దున ఎక్కడుంటాయో ఒక్కసారీ అడగలేదు.

మర్నాటి నుంచి కిరణ్మయి పాత చీర పేలికలతో బూట్లని కాళ్ళకి బిగించి కట్టుకుంది. జారడం కొంత తగ్గింది. ఉన్నవి ఆరు రోజులు. నాలుగేళ్ళ అలవాటు ఆరు రోజుల్లో పోతుందా?

కోరాపుట్‌లో పరీక్ష పెట్టిన మనోరంజన్ సారు ఒక్కో కాలితో పదిహేను తన్నమన్నాడు. కుడికాలితో మొదటి తొమ్మిదీ బాగా పడ్డాయి. పదో దానికి అలసట వచ్చింది. దాంతోపాటు కాలవా వచ్చింది. వేళ్ళు ముడుచుకున్నాయి. బొటనవేలు చిటుక్కుమంది. మిగిలిన అయిదూ విరిగిన వేలితోనే తన్నింది. ఒక్కటీ సరిగా పడలేదు. ఎడమకాలి దాకా పోనివ్వలేదు సారు.

"ఆరు నెలలాగి రా," అన్నాడు ఒడియాలో. "మొదటి పాఠం మళ్ళీ నేర్చుకో."

చెడ్డవాడేం కాదు. ఆయన చూడాల్సింది తన్ను, అదే చూశాడు.

సోమవారం హాజరు దగ్గర బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి. కిరణ్మయి తొడుక్కోలేదు. అప్పలకొండమ్మ కూడా తొడుక్కోలేదు. మిగిలిన తొమ్మిదిమందీ కాసేపు నిలబడి, తొడుక్కుని పోయారు. వాళ్ళని అనేదేముంది?

"కొళాయి నీళ్ళొచ్చే టైముకి ఇంటికాడుండాలి అమ్మీ," అంది వాళ్ళలో ఒకతె, లక్ష్మీదేవి, వెళ్తూ.

"ఏటమ్మీ, కరాటే బూట్లు కావాలేటి?" అన్నాడు సూపర్‌వైజర్ సన్యాసిరావు.

"కాలవలోకే. మా కాళ్ళ కొలతలవి," అంది కిరణ్మయి.

"ఒకటే నంబరు వత్తాది. పైనుంచి అంతే."

"పైవోళ్ళని దిగమను మరి, ఆళ్ళకి సరిపోతాయేమో!" అంది అప్పలకొండమ్మ.

"దిగుతారా, ఆబ్సెంటు ఎయ్యనా?"

"ఎయ్యండి," అంది కిరణ్మయి. "పక్కనే కొలతలు కూడా రాయండి. కిరణ్మయి, అయిదు. అప్పలకొండమ్మ, ఆరు. లక్ష్మీదేవి, నాలుగు."

అతను పెన్ను తియ్యలేదు. కట్టుకట్టిన వేలు ఆనించలేక మడమ మీద నిలబడి, కిరణ్మయి కొలతలు మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.