సున్నా ఎక్కడ పెట్టాలి?

నార్వే పడమటి తీరంలోని ఓస్కెవిక్‌లో పిల్లలకు దగ్గు వస్తే పెద్దలు చెప్పే మందు ఒక్కటే, బయటి గాలి. పసిపాపలను సైతం మంచులో, పిల్లల తోపుడు బండిలో నిద్రపుచ్చే ఊరు అది. అందుకే ఎనిమిదేళ్ల సిగ్నె ఆయాసంతో వంగిపోయినప్పుడల్లా తాత ఐలిఫ్ ఆమెను రేవుకు పంపేవాడు.

"పో తల్లీ, పీతలు పట్టుకో. ఊపిరితిత్తులు కడిగినట్టవుతాయి."

ఆ రేవులోనే వేసవంతా యాత్రికుల ఓడలు ఆగేవి. ఓడలు ఆగినా, లోపలి కరెంటు కోసం తిరిగే వాటి ఇంజన్లు ఆగేవి కావు. రెండు కొండల నడుమ, నీటి మీద పొగ పల్చని దుప్పటిలా పరుచుకునేది. ఓడలు ఇంజన్లు ఆపి ఒడ్డు నుంచి కరెంటు తీసుకోవాలని సిగ్నె తల్లి తూరున్ ఊరి పాలక సంఘాన్ని వేడుకుంది. గాలిలో విషాన్ని కొలిచే, రేవు పక్కనున్న యంత్రం గాలి బాగుందనే చెబుతోందని సంఘం తోసిపుచ్చింది. ఆ యంత్రాన్ని చూసుకునేది ఐలిఫే.

ఒక ఆదివారం తూరున్, యంత్రం గదిలో ఉన్న తన తండ్రి ఐలిఫ్‌కు జున్ను పెట్టిన రొట్టె పట్టుకెళ్లింది. రేవులో ఓడ లేదు. ఐలిఫ్ సంబరంగా యంత్రం చూపించాడు.

"చూడవే, సున్నా కన్నా కిందికి పోయింది! ఇంత మంచి గాలి దేశంలో ఎవరికుంది?"

"విషం సున్నా కన్నా తక్కువ ఎలా ఉంటుంది నాన్నా? గిన్నెలో సూపు అయిపోయాక ఇంకా తక్కువ సూపు ఉంటుందా?"

ఐలిఫ్ నవ్వబోయి ఆగిపోయాడు.

ఏమీ కలవని గాలి ఇదీ అని యంత్రానికి ముందుగా చూపించాలి. అప్పుడే అది ఉన్నదాన్ని సరిగ్గా కొలుస్తుంది. అందుకు శుద్ధి చేసిన గాలి సిలిండర్లలో వస్తుంది. మే నెలలో సిలిండర్ అయిపోతే, ఐలిఫ్ గొట్టాన్ని కిటికీ బయట పెట్టి, ఆ గాలినే సున్నాగా చూపించాడు. మన ఊరి గాలి కన్నా శుద్ధమైనది ఏముందనుకున్నాడు. మనలో ఎంతమంది అలా అనుకోం?

"ఏ రోజు పెట్టావు?" తూరున్ గొంతు తగ్గింది.

"మొదటి ఓడ వచ్చిన రోజు. బయట బ్యాండు కూడా వాయిస్తున్నారు."

"అంటే ఆ పొగకే సున్నా అని పేరు పెట్టావా నాన్నా?"

ఐలిఫ్ రొట్టె ముట్టలేదు.

కొత్త సిలిండర్ వచ్చాక, రేవులో ఓడ ఉన్న రోజు చూసి అతను సంఘం వాళ్లను పిలిచి, యంత్రం సున్నా తప్పని చెప్పాడు. వాళ్లలో చేపల హోటలు నడిపే హల్వోర్ మండిపడ్డాడు.

"నీకు మతి పోయిందా ముసలోడా? ఓడలు రాకపోతే నా హోటల్లో నువ్వు తింటావా మూడు పూటలా?"

"నీ వంట తినే ధైర్యం నాకు లేదు గానీ, కాసేపు చూడు."

ఐలిఫ్ సిలిండర్ గాలితో సున్నా సరిచేశాడు. తరువాత గొట్టాన్ని బయటి గాలికి కలిపాడు. అంకె పైకి పాకింది. అనుమతించిన హద్దు దాటింది. ఇంకా పాకుతూనే ఉంది.

ఆ ఊళ్లో వేసవిలో ఎవరూ కిటికీ మూయరు. హల్వోర్ లేచి కిటికీ మూశాడు.

అప్పుడే సిగ్నె పీతల బకెట్టుతో ఎగరొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది. ఐలిఫ్ ఆమెను ఒళ్లోకి తీసుకున్నాడు.

"యంత్రానికి అబద్ధం నేర్పింది నేనే. అది దాన్నే నాకు అప్పజెప్పింది," అన్నాడు సంఘం వైపు తిరిగి. "మన ఊరు మంచిదన్న నమ్మకాన్ని సున్నాగా పెట్టుకుంటే, మన పిల్లలకు ఊపిరి ఆడకపోయినా అది లెక్కలోకి రాదు."